దానమా, న్యాయమా? భిలాయి నుంచి చూస్తే కాథలిక్ సామాజిక సేవ

"పేదరిక నిర్మూలనలో మత సంస్థల పాత్ర" మీద వ్యాసం రాయమంటే మనలో చాలామంది పెన్ను నేరుగా కలకత్తా వెళ్లి మదర్ థెరిసా దగ్గర ఆగుతుంది. అక్కడ రెండు వాక్యాలు, మిషనరీ బడులు, ఆసుపత్రుల మీద ఇంకో రెండు, మతమార్పిడి వివాదం మీద ఒకటి, చివర "సమతుల్య దృక్పథం అవసరం". పేజీ నిండుతుంది కానీ మార్కులు సగటు దాటవు. ఎవరి పేదరికం, ఏ కారణంగా వచ్చింది, దేనివల్ల తగ్గింది అన్న మూడు ప్రశ్నలకూ ఆ పేజీలో సమాధానం ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాథలిక్ సంఘం మన దేశంలో పేదలకు చేసిన గొప్ప మేలు అన్నదానం, వైద్యం, చదువు కంటే ఎక్కువగా పట్టా, చట్టం, పరపతి సంఘం రూపంలో జరిగింది. పేదవాడి చేతికి హక్కు పత్రం అందించిన ప్రతిసారీ పేదరికం కొంత కదిలింది. కేవలం సాయం అందించిన చోట కష్టం తీరింది గానీ కారణం అలాగే మిగిలింది. ఈ కొలబద్దతో చూస్తే ఆ సంఘం గొప్పతనమూ కనిపిస్తుంది, లోటూ కనిపిస్తుంది. ఆ లోటు మా భిలాయి లాంటి ఉక్కు పట్నంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు సిద్ధాంతం, క్లుప్తంగా

పోపు సంఘం మొత్తానికీ రాసే లేఖను విశ్వలేఖ అంటారు. 1891 మే 15న 13వ లియో పోపు విడుదల చేసిన "రేరుమ్ నొవారుమ్" కార్మికుల స్థితిగతుల మీద వచ్చిన మొదటి పెద్ద విశ్వలేఖ. అది సోషలిజాన్ని తిరస్కరించింది, సొంత ఆస్తి హక్కును సమర్థించింది. అదే సమయంలో కార్మికుడు, అతని కుటుంబం బతకగలిగే కూలి ఇవ్వాలని, సంఘం పెట్టుకునే హక్కు కార్మికుడికి ఉందని చెప్పింది. యజమాని, కూలివాడు ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఆ కూలి న్యాయమైనదే అనే వాదనను అది అంగీకరించలేదు.

40 ఏళ్ల తరువాత 1931లో 11వ పయస్ పోపు రాసిన "క్వాద్రజేసిమో ఆన్నో" ఇంకో సూత్రం చేర్చింది: కింది స్థాయి చేయగలిగిన పనిని పై స్థాయి లాక్కోకూడదు. మనం 73వ రాజ్యాంగ సవరణ గురించి చదివేటప్పుడు వచ్చే వికేంద్రీకరణ సూత్రానికి ఇది దగ్గరి బంధువు. 1968లో కొలంబియాలోని మెడలిన్‌లో, 1979లో మెక్సికోలోని ప్యూబ్లాలో జరిగిన లాటిన్ అమెరికా బిషప్పుల సమావేశాలు పేదల పక్షాన నిలబడటం సంఘం బాధ్యత అన్నాయి. 1981లో రెండవ జాన్ పాల్ పోపు "లబోరెమ్ ఎగ్జెర్సెన్స్"లో పెట్టుబడి కంటే శ్రమకే ప్రాధాన్యం అన్నారు. 2025 మేలో ఎన్నికైన పోపు 14వ లియో అనే పేరు ఎంచుకోవడానికి ఒక కారణం 1891 నాటి ఆ విశ్వలేఖే.

సిద్ధాంతం ఇంత బలంగా ఉంది. నేల మీద ఏం జరిగింది?

ఛోటానాగ్‌పూర్: కోర్టులో మొదలైన సేవ

బెల్జియం నుంచి వచ్చిన జెస్యూట్ ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ 1885లో ఛోటానాగ్‌పూర్‌లో అడుగుపెట్టారు. అక్కడి ముండా, ఉరాంవ్ రైతుల అసలు బాధ ఆయనకు త్వరగానే అర్థమైంది. భూమి వాళ్లదే, కాగితం వాళ్లది కాదు. జమీందార్లు, ఠేకేదార్లు వెట్టి చేయించుకునేవారు, కోర్టులో దావా వేసి భూమి లాక్కునేవారు. కోర్టు భాష గిరిజనుడికి రాదు. లీవెన్స్ కౌలు చట్టాలు చదివి రైతులకు కోర్టు వ్యవహారాల్లో అండగా నిలిచారు. దాంతో వేలమంది ఆయన వెంట నడిచారు, క్రైస్తవంలో చేరారు.

ఈ చివరి వాక్యాన్ని దాచిపెట్టి వ్యాసం రాయకూడదు. చట్ట సహాయమూ మతమూ అక్కడ కలిసే వచ్చాయి. మేలు జరిగిన మాట నిజం, ఆ మేలు మతమార్పిడికి దారి వేసిన మాటా నిజమే. రెండూ చెప్పినప్పుడే పరీక్షకుడు మన జవాబును నమ్ముతాడు.

తరువాత 1899-1900లో బిర్సా ముండా ఉల్‌గులాన్ వచ్చింది. బిర్సా కొంతకాలం చాయ్‌బాసాలోని జర్మన్ మిషన్ బడిలో చదివి, మిషనరీల నుంచి విడిపోయినవాడు. ఆయన 1900 జూన్ 9న రాంచీ జైల్లో మరణించాడు. ఆ తిరుగుబాటు ఒత్తిడి వల్లే 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. ముండాల ఉమ్మడి భూమి పద్ధతి (ఖూంట్‌కట్టి) ఆ చట్టంలో గుర్తింపు పొందడంలో ముండాల భాషను, ఆచారాలను లోతుగా చదివిన జెస్యూట్ ఫాదర్ జాన్ హాఫ్‌మన్ సలహాల పాత్ర ఉంది. చట్టం తెచ్చిన ఘనత ముందు బిర్సాకూ, ప్రాణాలిచ్చిన ముండాలకూ దక్కాలి. ఆ పోరాటాన్ని సెక్షన్ల భాషలోకి మార్చడంలో హాఫ్‌మన్ లాంటివారి వంతు ఉంది.

హాఫ్‌మన్ అక్కడితో ఆగలేదు. 1909లో కాథలిక్ సహకార పరపతి సంఘాన్ని ప్రారంభించారు. భూమికి చట్టం కాపలా ఉన్నా, విత్తనాల కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కితే ఆ భూమి మళ్లీ పోతుందని ఆయనకు తెలుసు. పట్టా ఒక చేతికి, పరపతి రెండో చేతికి. మనం ఈరోజు ఆర్థిక సమ్మిళితం అని పేజీలకు పేజీలు రాసేదాన్ని ఆయన వందేళ్ల కిందట ఒక రైతు లెక్కలో చూశారు.

ఇంకో మూడు ఉదాహరణలు

మొదటిది సిస్టర్ రాణీ మరియా. కేరళలో పుట్టి, మధ్యప్రదేశ్‌లోని ఉదయ్‌నగర్ ప్రాంతంలో పనిచేసిన ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సన్యాసిని. గిరిజన రైతులు, కూలీలతో పొదుపు సంఘాలు పెట్టించి, వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి బయటపడేలా చేశారు. 1995 ఫిబ్రవరి 25న బస్సులో ప్రయాణిస్తుండగా ఆమెను దించి పొడిచి చంపారు. జైల్లో ఉన్న హంతకుడికి ఆమె సొంత చెల్లెలు వెళ్లి రాఖీ కట్టింది. 2017 నవంబరు 4న ఇందోర్‌లో ఆమెను "ధన్యురాలు"గా ప్రకటించారు. ఎథిక్స్ పేపర్‌లో క్షమ గురించి రాసేవారు ఆ రాఖీని వాడుకుంటారు, మంచిదే. కానీ ఆమె చనిపోయింది పొదుపు సంఘాల వల్ల అన్న సంగతి వదిలేస్తే ఉదాహరణ సగమే అవుతుంది.

రెండోది మన అనంతపురం. స్పెయిన్ జెస్యూట్ విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించే పని చేస్తూ, 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. 1970లో జెస్యూట్ సభ నుంచి బయటకు వచ్చారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కట్టించిన ఇళ్లు స్త్రీల పేరు మీద ఉంటాయి. కరవు జిల్లాలో ఒక దళిత స్త్రీ పేరు మీద పక్కా ఇల్లు ఉండటం అంటే ఏమిటో మనలో చాలామందికి విడమరచి చెప్పనక్కర్లేదు. సభ విడిచి వచ్చాకే ఆయన పని అంత విస్తరించింది. ప్రేరణ మతం నుంచి వచ్చినా సంస్థ అందరిదీ కావచ్చు అనడానికి ఇది సాక్ష్యం.

మూడోది ఫాదర్ స్టాన్ స్వామి. రాంచీ దగ్గర "బగైచా" కేంద్రం నుంచి గిరిజనుల భూమి హక్కుల మీద, విచారణ ఖైదీలుగా ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్న గిరిజన యువకుల మీద పనిచేశారు. 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో ఉపా చట్టం కింద ఆయన్ను అరెస్టు చేశారు. పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ, బెయిలు కోసం ఎదురుచూస్తూ 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో ముంబయి ఆసుపత్రిలో కన్నుమూశారు. విచారణ ఖైదీల కోసం వాదించిన మనిషి విచారణ ఖైదీగానే పోయాడు. ఆరోపణల నిజానిజాలు తేలకముందే శిక్ష పూర్తయిపోయింది. ఆ కేసులోని మరో నిందితురాలు సుధా భరద్వాజ్ ఏళ్ల తరబడి ఛత్తీస్‌గఢ్ కార్మికుల మధ్య, ఈ భిలాయి పరిసరాల్లోనే పనిచేసిన న్యాయవాది.

భిలాయి ప్రశ్న: నౌకరీ, కామ్

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. భిలాయి కథ మనకు ప్రిలిమ్స్ కోసం ఇంతవరకే తెలుసు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో భిలాయి తెలుసు. సెక్టార్లలో క్వార్టరు, ప్లాంటు ఆసుపత్రి, ప్లాంటు బడి, రిటైరయ్యాక గ్రాట్యుటీ ఒకవైపు. ఖుర్సీపార్, క్యాంప్ బస్తీల్లో కాంట్రాక్టరు మేస్త్రీ పిలిస్తే పని, లేకపోతే పస్తు మరోవైపు. ఇద్దరూ ఒకే గేటు గుండా లోపలికి వెళ్తారు, ఒకే వేడిలో పనిచేస్తారు.

ఈ పట్నాన్ని దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఈ తేడాను ఇక్కడి వాళ్ల మాటల్లోనే పట్టుకున్నారు: ఒకటి "నౌకరీ", రెండోది "కామ్". నౌకరీ ఉన్నవాడికి భద్రత ఉంటుంది. కామ్ చేసేవాడికి ఆ రోజు కూలి మాత్రమే. భిలాయిలో పేదరికానికి మూలం పని దొరకకపోవడం కంటే, ఏ రకం పని దొరుకుతుందన్నదే.

ఈ తేడా మీద గట్టిగా పోరాడింది శంకర్ గుహా నియోగి. దల్లీ రాజహరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులతో 1977లో సంఘం కట్టి, ఆ ఏడాది పోలీసు కాల్పుల్లో చనిపోయిన కార్మికుల స్మృతిలో కూలీల చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచారు. 1990 తరువాత భిలాయి ప్రైవేటు కర్మాగారాల కార్మికుల కోసం బతకగలిగే కూలి, ఉద్యోగ భద్రత అడిగారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఇక్కడే నిద్రలో ఉండగా ఆయన్ను కాల్చి చంపారు. 1992 జూలై 1న రైలు పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో పదిహేను మందికి పైగా చనిపోయారు.

నియోగి కాథలిక్ కాదు, మత సంస్థల మనిషీ కాదు. కానీ ఆయన అడిగినవి రెండే: కుటుంబం బతికే కూలి, సంఘం పెట్టుకునే హక్కు. సరిగ్గా వందేళ్ల ముందు 1891లో రేరుమ్ నొవారుమ్ చెప్పినవీ అవే. సిద్ధాంతం రోమ్‌లో పుట్టింది, మా ఊళ్లో దానికి రక్తం ధారపోసినవాళ్లు వేరే జెండా కింద ఉన్నారు. ఈ సంగతి కాథలిక్ సంఘాన్ని ఆలోచింపజేయాలి.

చట్టం వైపు చూడండి. 2025 వరకు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాల్సి ఉండేది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు వాటంతట అవే పర్మినెంట్ కాలేరని తేల్చింది. ఇప్పుడు 1981 విశ్వలేఖకు తిరిగి రండి. అందులో జాన్ పాల్ "పరోక్ష యజమాని" అనే భావన తెచ్చారు. జీతం చేతికిచ్చేవాడు ఒక్కడే బాధ్యుడు కాదు, ఆ జీతం అంతే ఉండేలా పరిస్థితులను నిర్ణయించే సంస్థలూ ప్రభుత్వమూ బాధ్యులే అని దాని సారం. టెండరును తక్కువ కోట్ చేసినవాడికే ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం కూలీ కడుపు కోతలోంచే ఆ తక్కువ ధర వస్తుంది. కాంట్రాక్టరును తిట్టి ఊరుకుంటే సమస్య తీరదు. ఎథిక్స్ పేపర్‌లో బాధ్యత అనే అంశం మీద రాయడానికి ఇంతకంటే పదునైన పనిముట్టు నాకు దొరకలేదు.

మతమార్పిడి ఆరోపణను ఎలా చూడాలి?

ఈ ప్రశ్నను తప్పించుకుని ఛత్తీస్‌గఢ్ గురించి రాయలేం. భవానీశంకర్ నియోగి కమిటీ (శంకర్ గుహా నియోగితో కలపకండి, ఇద్దరూ వేరు) 1956లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక మిషనరీల బడులు, ఆసుపత్రులు, విదేశీ నిధుల మీద తీవ్ర విమర్శలు చేసింది. 1968లో మధ్యప్రదేశ్ ధర్మ స్వాతంత్ర్య చట్టం వచ్చింది. దాన్ని సవాలు చేసిన ఫాదర్ స్టానిస్లాస్ రాయ్‌పూర్ ప్రాంతం వారే. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూ, 25వ అధికరణలోని ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని తీర్పు చెప్పింది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఆ చట్టం ఇక్కడికీ సంక్రమించింది.

2025 జూలై 25న మా పక్కనే ఉన్న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సన్యాసినులను, ఒక గిరిజన యువకుడిని అరెస్టు చేశారు. నారాయణపూర్ జిల్లాకు చెందిన ముగ్గురు యువతులను ఆగ్రాకు తీసుకెళ్తున్నారని, ఇది మానవ అక్రమ రవాణా, బలవంతపు మతమార్పిడి అని ఆరోపణ. ఆ యువతులు ఇష్టపూర్వకంగా ఉద్యోగానికి వెళ్తున్నారని, ముందునుంచే క్రైస్తవులని కుటుంబాలవారు చెప్పారు. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్ఐఏ కోర్టు సన్యాసినులకు బెయిలు ఇచ్చింది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే.

ఇక్కడ రెండు నిజాలు పక్కపక్కనే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ గిరిజన బాలికల అక్రమ రవాణా కల్పన కాదు. ప్రైవేటు ప్లేస్‌మెంట్ ఏజెన్సీల నియంత్రణకు ఛత్తీస్‌గఢ్ 2013లోనే చట్టం చేసింది. అలాగే వయసు వచ్చిన గిరిజన స్త్రీకి దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు 19వ అధికరణ ఇచ్చింది. కాబట్టి అధికారి అడగాల్సినవి: వయసెంత, ఎక్కడ పని, జీతమెంత, ఎవరు పిలిచారు, నీకు ఇష్టమేనా. ఈ ప్రశ్నలు ఆ స్త్రీని అడగాలి. ప్లాట్‌ఫారం మీద గుంపు వేసే కేకల్లో వీటికి సమాధానం దొరకదు.

మతమార్పిడి మీద నా మాట ఇది. సాయానికి మతాన్ని షరతుగా పెట్టడం తప్పు, అది పేదవాడి అవసరాన్ని బేరం పెట్టడమే. మతం కారణంగా సాయాన్నే నేరంగా చూడటమూ అంతే తప్పు, అది పేదవాడి నిర్ణయాన్ని లెక్కలోంచి తీసేయడమే. రెండు చోట్లా ఓడేది పేదవాడే.

సంఘం సొంత ఇల్లు

ఇంకో విమర్శ లోపలిది. తెలుగు నేలలో కాథలిక్కుల్లో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నా, నాయకత్వంలో చాలాకాలం ఆ నిష్పత్తి కనబడలేదు. వివక్ష ఉందని, అది పోవాలని భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానంలో రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. మంచి మొదలు. అయితే న్యాయమైన కూలి గురించి లోకానికి బోధించే సంఘం తన బడుల్లో టీచర్లకు, తన ఆసుపత్రుల్లో నర్సులకు, ఆయాలకు ఎంత ఇస్తోందన్న ప్రశ్న ప్రతి మేత్రాసనమూ వేసుకోవాలి. తన జీతాల రిజిస్టరును ముందు సరిదిద్దుకున్నవాడి మాటే ఫ్యాక్టరీ గేటు దగ్గర చెల్లుతుంది.

రాజ్యం వైపూ ఒక అన్యాయం ఉంది. జశ్‌పూర్ ఉరాంవ్ గిరిజనుడు క్రైస్తవుడైనా ఎస్టీగానే ఉంటాడు. గుంటూరు దళితుడు క్రైస్తవుడైతే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోయి బీసీ-సి అవుతాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సవరించారు. దళిత క్రైస్తవుల, ముస్లింల విషయం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించారు. ఊరి చివర ఉన్న ఇల్లు, ప్రార్థన మారినంత మాత్రాన ఊరి మధ్యకు రాలేదు. చట్టం ఆ ఇంటిని చూసి నిర్ణయించాలన్నది నా అభిప్రాయం.

మన బల్ల మీదకు వచ్చే ఫైలు

ఇదంతా మనకెందుకంటే, విచారణకు అనుమతి ఇచ్చే అధికారాన్ని 1968 చట్టం కలెక్టరుకో, ఆయన అధికారమిచ్చిన ఎస్డీఎం స్థాయి అధికారికో ఇచ్చింది. కాంట్రాక్టు కార్మికుడి కూలి ఫిర్యాదు వెళ్లేది కార్మిక శాఖ అధికారికి. విదేశీ నిధుల లైసెన్సు ఫైలు కదిలేది హోం శాఖలో. ఆ కుర్చీల్లో రేపు మనమే ఉంటాం. ఆ రోజు సన్యాసిని దుస్తులు చూసి భయపడే అధికారి వద్దు, మురిసిపోయే అధికారీ వద్దు. ఈ పని వల్ల పేదవాడి చేతికి కొత్తగా ఏ హక్కు వచ్చింది, దానికి ఎవరైనా షరతు పెట్టారా అని రెండు ప్రశ్నలు అడిగి సంతకం పెట్టేవారు చాలు.

కాథలిక్ సంఘానికి నా వంతు సూచన కూడా ఒకటే. లీవెన్స్ కాలంలో గిరిజనుడికి కోర్టు భాష రాదు. ఈరోజు భిలాయి కాంట్రాక్టు కూలీకి పీఎఫ్ ఖాతా, ఈఎస్ఐ కార్డు, వేతన చీటీ భాష రాదు. బడికో ఆసుపత్రికో ఇంకో అంతస్తు వేసే డబ్బుతో బస్తీలో ఒక కార్మిక న్యాయ సహాయ కేంద్రం తెరిస్తే, అది హాఫ్‌మన్ పరపతి సంఘానికి సరైన వారసత్వం అవుతుంది. మతం అడగకుండా, చీటీ మాత్రమే అడిగే కేంద్రం.

సాధన ప్రశ్న (250 పదాలు): "దాతృత్వం పేదరికపు ఫలితాన్ని, న్యాయం దాని కారణాన్ని తాకుతుంది." మత ప్రేరిత సంస్థల అనుభవం ఆధారంగా చర్చించండి. ఛోటానాగ్‌పూర్, అనంతపురం, భిలాయి నుంచి ఒక్కో ఉదాహరణ తప్పక వాడండి. మదర్ థెరిసా పేరు లేకుండా రాసి చూడండి.